రోజూ కొంచెం: చిన్న అలవాట్ల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండలో పదకొండేళ్లుగా ఒక చిన్న స్టడీ హాల్ నడుపుతున్నాను. యాభై రెండు కుర్చీలు, రెండు కూలర్లు, మూలకు ఒక వాటర్ క్యాన్. సర్కారు ఉద్యోగాల నోటిఫికేషన్ పడగానే కుర్చీలన్నీ నిండుతాయి, నెల తిరిగేసరికి సగం ఖాళీ అవుతాయి. ఎవరు మిగులుతున్నారు, ఎవరు పోతున్నారు అని గమనిస్తూ గమనిస్తూ అలవాట్ల సంగతి నాకు పట్టుకుంది. దొరికింది చదివాను, కొన్ని నా మీదే ప్రయత్నించాను. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి హాల్లో పిల్లలు, పొద్దున వాకింగ్‌లో కలిసేవాళ్లు, చుట్టాలు అవే డౌట్లు తిప్పి తిప్పి అడుగుతున్నారు. ప్రశ్నలను వాళ్ల మాటల్లోనే పెట్టాను. మీకు కావాల్సింది ఎక్కడుంటే అక్కడికి నేరుగా పోవచ్చు.

## మొదలుపెట్టకముందు

రోజూ ఇంత చేస్తే నిజంగా మనిషి మారతాడా? చెప్పడానికి బాగుంటది గానీ...

మా మేనత్త జగిత్యాలలో బీడీలు చుట్టేది. ఎండాకాలం సెలవులకు పోతే ఆమె పక్కనే కూర్చుని చూసేవాణ్ని. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడిపి కత్తిరించిన తునికాకు. ఆకు తీయడం, చిటికెడు తంబాకు పరచడం, చుట్టడం, మూతి మడవడం, దారం కట్టడం. ఇవన్నీ ఆమె టీవీ చూస్తూ, వాకిట్లో పోయేవాళ్లను పలకరిస్తూనే చేసేది. అడిగి మరీ నేను చుడితే ఒక్కదానికే రెండు మూడు నిమిషాలు పట్టేది, అదీ నడుమ ఉబ్బి, కట్టలో పెట్టడానికి పనికిరానంత వంకరగా. "మొదట్ల నాకూ గిట్లనే ఉండె బిడ్డా" అనేది. నేర్చుకునే రోజుల్లో ఆమె పొద్దంతా కూర్చున్నా వంద దాటేవి కావట. నేను చూసేనాటికి రోజుకు వెయ్యి. ఆ వందకూ వెయ్యికీ మధ్య ఏ రోజు మారిందని అడిగితే ఆమె కూడా చెప్పలేకపోయేది.

ఒకే పనిని ఒకే చోట, ఒకే వరసలో మళ్లీ మళ్లీ చేస్తే మెదడు ఆ మెట్లన్నింటినీ కలిపి ఒక్క పనిగా కట్టి పెట్టుకుంటుంది. లోపల బేసల్ గాంగ్లియా అనే భాగానిది ఇందులో పెద్ద పాత్ర. అప్పుడు మనం ఆలోచించి చేయక్కర్లేదు, మొదటి మెట్టు ఎక్కితే మిగతాది దానంతట అదే నడుస్తుంది. అమెరికాలో వెండీ వుడ్, ఆమె సహచరులు జనం చేత రోజంతా గంట గంటకూ డైరీ రాయించి 2002లో ఫలితాలు ప్రచురించారు. రోజులో చేసే పనుల్లో మూడో వంతు నుంచి సగం దాకా ఇట్లా అలవాటు మీద జరిగిపోయేవేనని తేలింది. కాబట్టి మనిషి మారతాడా అంటే, మారతాడు. మీరు వద్దన్నా ఏదో ఒక అలవాటు మిమ్మల్ని మారుస్తూనే ఉంటుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. వెయ్యి బీడీలు చుట్టగలిగినందుకు మేనత్త బతుకేమీ మారలేదు, మెడనొప్పి మాత్రం మిగిలింది. ఏది రోజూ చేస్తే అలవాటు దాన్నే ముదురుస్తుంది. అది మనకు పనికొచ్చేదా కాదా అని దానికి పట్టింపు లేదు. ఆ చూసుకోవడం మన వంతు, అదీ ముందే.

రోజుకు ఒక శాతం బాగుపడితే ఏడాదికి 37 రెట్లు అవుతామట కదా?

1.01ని 365 సార్లు గుణిస్తే 37.78 వస్తుంది, లెక్కలో తప్పు లేదు. కానీ ఇవాళ పది గుంజీలు తీసినవాడు వచ్చే ఏడాది ఇదే రోజుకు 370 తీస్తాడా? వడ్డీ మీద వడ్డీ పోస్టాఫీసులో ఉంటుంది, మోకాళ్లలో ఉండదు. మనుషులు మొదట్లో గబగబా బాగుపడతారు, తర్వాత నెమ్మదిస్తారు, కొన్ని నెలలు ఉన్నచోటే ఉంటారు, ఒక్కోసారి వెనక్కి కూడా వస్తారు. ఆ 37 రెట్ల బొమ్మ చూసి మొదలుపెట్టినవాళ్లే మూడో నెలలో "నాకు మాత్రం ఎందుకు రావట్లేదు" అని దిగులు పడుతుంటారు.

21 రోజులు ఆగకుండా చేస్తే అలవాటైపోతది అంటారు. 21 పెట్టుకోనా?

ఆ 21 ఎక్కడిదో చూస్తే నవ్వొస్తుంది. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్, తన పేషెంట్లు కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని 1960లో రాశాడు. 'కనీసం' అన్న మాట దారిలో రాలిపోయింది. ముక్కు ఆపరేషన్ సంగతి పోయి పొద్దున్నే చదవడానికి వచ్చి తగిలింది.

అసలు కొలిచి చూసినవాళ్లు లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం. 2009లో వెలువడిన ఆ అధ్యయనంలో 96 మంది, 84 రోజుల పాటు, ఒక్కొక్కరూ ఒక్కో కొత్త అలవాటు. భోజనంతో పాటు పండు తినడం, రాత్రి భోజనానికి ముందు పరుగెత్తడం లాంటివి. పని దానంతట అది జరిగే స్థితికి రావడానికి కొందరికి 18 రోజులు చాలు, కొందరికి లెక్క ప్రకారం 254 రోజులు. మధ్యస్థంగా 66. నీళ్లు తాగడం లాంటి తేలిక పని తొందరగా పడుతుంది, వ్యాయామం ఆలస్యంగా పడుతుంది. మనసులో రెండు మూడు నెలలు పెట్టుకోండి, అంతకంటే ఎక్కువైనా కంగారు పడకండి.

నా లిస్టులో ఏడున్నయి. ఏది ముందు?

ఒక్కటే. ఏడూ ఒకేసారి మొదలుపెట్టేవాళ్లనే మన పెద్దలు ఆరంభశూరులు అన్నారు.

ఏది అన్నదానికి నా దగ్గర ఒక పరీక్ష ఉంది: ఎప్పుడు, ఎక్కడ, దేని తర్వాత అని మూడు ముక్కల్లో చెప్పగలగాలి. "ఇంగ్లిష్ ఇంప్రూవ్ చేసుకోవాలి" అంటే అది కోరిక. "టిఫిన్ కాగానే అరుగు మీద కూర్చుని పేపర్లో ఒక వార్త పైకి చదవాలి" అంటే అలవాటు. ఏడింటిలో ఏది ఇట్లా చెప్పగలిగితే దాంతో మొదలుపెట్టండి. అది మీ నాన్న లిస్టులోదా, మీ లిస్టులోదా అనేది కూడా ఒకసారి చూసుకోండి.

ఉగాదికి మొదలుపెట్టనా, జనవరి ఒకటికా?

మంచి రోజుకు ఊపు ఉండే మాట నిజమే. 2014లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనంలో వారం మొదట్లో, నెల మొదట్లో, ఏడాది మొదట్లో జిమ్‌కు వచ్చేవాళ్లు పెరుగుతున్నట్టు కనిపించింది. ఊపు వాడుకోండి, కానీ దాని కోసం నెలన్నర ఆగకండి. రేపు పొద్దున కూడా మంచిదే.

రెండు నిమిషాలు చేస్తే ఏమొస్తది సార్? నవ్వులాటగా ఉంది

రెండు నిమిషాల చదువుతో మార్కులు రావు. రెండు నిమిషాల నడకతో బరువు తగ్గదు. ఆ రెండు నిమిషాలు ఫలితం కోసం కాదు, వాకిలి తెరుచుకోవడం కోసం.

హాల్లో రెండు రకాల పిల్లల్ని చూశాను. మొదటి రకం, చేరిన రోజే స్కేలు పెట్టి టైమ్‌టేబుల్ గీస్తారు. పొద్దున 5 నుంచి రాత్రి 10 దాకా, సబ్జెక్టుకు ఒక రంగు. పది పన్నెండు రోజులు కుర్చీకి అతుక్కుపోతారు. ఒక రోజు జ్వరమో ఫ్రెండ్ పెళ్లో వస్తుంది, టైమ్‌టేబుల్ దెబ్బతింటుంది, ఆ దెబ్బతిన్న టైమ్‌టేబుల్‌ను చూడలేక మనిషి రావడమే మానేస్తాడు. రంగుల కాగితం మాత్రం బల్లకు అతికి ఉంటుంది, నేనే గోటితో గీకి తీస్తాను.

రెండో రకంలో ఒకబ్బాయి గుర్తున్నాడు. మెడికల్ షాపులో పార్ట్‌టైమ్ చేసేవాడు. అతను పెట్టుకున్న నియమం ఒకటే: షాపు నుంచి నేరుగా హాలుకు వచ్చి, కూర్చుని, పుస్తకం తెరవాలి. ఒక పేజీ అయ్యాక లేచిపోవచ్చు. కొన్ని రోజులు నిజంగానే ఒక పేజీ చదివి లేచిపోయాడు, నాకే విసుగొచ్చింది. కానీ చాలా రోజులు లేవలేదు. కూర్చున్నాక లేవడం కూడా ఒక పనే కదా. అతనికి మూడేళ్లు పట్టింది గానీ కుర్చీ ఖాళీగా ఉన్న వారం నాకు గుర్తులేదు.

ఎంత చిన్నగా అంటే, ఒళ్లు బాగోలేని రోజున, మనసు బాగోలేని రోజున కూడా సాకు చెప్పడానికి సిగ్గేసేంత చిన్నగా.

## మొదటి నెలలో

పొద్దుగాల నాలుగింటికి లేవాల్నా? నాతోని అయితలేదు

అక్కర్లేదు. పెద్దవాళ్లకు ఏడు గంటల నిద్ర కావాలి. రాత్రి పన్నెండింటికి పడుకుని నాలుగింటికి లేచేవాళ్లను రోజూ చూస్తాను. మధ్యాహ్నం రెండింటికి నోట్స్ మీద చెంప ఆనించి పడుకుంటారు, ఇంకు చెంపకు అంటుతుంది. లేచే టైమ్ కంటే పడుకునే టైమ్ సరిచేసుకోవడం తేలిక.

మర్చిపోతున్న. రాత్రి పండుకునేటప్పుడు యాదికొస్తది

'రోజూ చదవాలి' అన్నదానికి గుర్తుచేసేది ఏదీ లేదు. అందుకే మర్చిపోతారు. ఇప్పటికే తప్పకుండా జరిగే ఏదో ఒక పనికి కొత్తదాన్ని ముడివేయాలి. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1999లో దీని మీద ముఖ్యమైన వ్యాసం రాశాడు. "ఇది జరిగినప్పుడు అది చేస్తాను" అని ముందే అనుకున్నవాళ్లు, ఊరికే "చేస్తాను" అనుకున్నవాళ్ల కంటే ఎక్కువగా చేస్తున్నారన్నది సారం.

మా గల్లీలో ఒకామె దీన్ని ఏ వ్యాసమూ చదవకుండానే కనిపెట్టింది. పొద్దున నల్లా వస్తుంది. రెండు డ్రమ్ములు, నాలుగు బిందెలు నిండేసరికి ఇరవై నిమిషాలు. అంతసేపూ పైపు పట్టుకుని నిలబడటమే పని. ఆమె టెట్‌కు చదువుతోంది. జిరాక్సు పేజీ ఒకటి నిలువుగా మడిచి కిటికీ ఊచల్లో గుచ్చి పెడుతుంది. నల్లా చప్పుడు వినగానే ఒక చేత్తో పైపు, ఇంకో చేత్తో పేజీ. పేజీల అంచులు నీళ్లు తగిలి అలలు అలలుగా ఉంటాయి. నల్లా రాని రోజు చదువూ ఉండదు. ఆ దిగులే పెట్టుకోదామె.

మీ ఇంట్లో నల్లా ఏదో చూసుకోండి: చాయ్ మరగడం, కుక్కర్ విజిల్స్, బస్సు కోసం నిలబడటం, పిల్లల స్కూల్ ఆటో.

ఫోన్ పట్టుకుంటే గంట పోతుంది. ఇంత దాకా ఎట్ల వచ్చిందో కూడా తెల్వదు

చెరువులో పూడిక నిండినట్టే వచ్చింది. కాకతీయుల కాలం నుంచి మన దగ్గర ఊరూరా చెరువులున్నాయి. ఏటా వాననీళ్లతో పాటు కాస్త ఒండ్రు దిగుతుంది. ఏ ఒక్క ఏడు చూసినా తేడా కనబడదు, నీళ్లు ఎప్పట్లాగే నిండుగా కనిపిస్తాయి. 2015లో మిషన్ కాకతీయ కింద పూడిక తీయడం మొదలైనప్పుడు ఊళ్లో చెరువు దగ్గర నిలబడి చూశాను. ట్రాక్టర్ల కొద్దీ నల్లమట్టి. పైనుంచి చూసిన చెరువు ఒకటి, లోపల మిగిలిన చెరువు ఒకటి.

తీయడం ఎట్లా అంటే, మనసు గట్టి చేసుకోవడం మీద నాకు నమ్మకం తక్కువ. దూరం మీద నమ్మకం. హాల్లో గుమ్మం పక్కన గళ్లు ఉన్న చెక్క పెట్టె ఒకటి పెట్టాను, ఫోన్లు పెట్టుకోవడానికి. తాళం లేదు, బలవంతం లేదు. చివరి వరస నుంచి అక్కడికి పద్దెనిమిది అడుగులు. ఆ పద్దెనిమిది అడుగులు నడిచేలోపు సగం మందికి ఎందుకు లేచామో గుర్తుండదు. ఇంట్లో అయితే ఛార్జర్‌ను ముందు గదికి మార్చండి, అలారం కోసం చిన్న గడియారం కొనండి.

ఇంకో మాట. చేయి ఫోన్ మీదికి ఎప్పుడు పోతుందో రెండు రోజులు గమనించండి. చాలామందికి అది కష్టమైన లెక్క దగ్గరో, ఇంట్లో మాట పట్టింపు తర్వాతో పోతుంది. అప్పుడు చేయాల్సిన ఇంకో పని, కనీసం లేచి నీళ్లు తాగడం, ముందే అనుకుని పెట్టుకోకపోతే ఖాళీ చేయి మళ్లీ అటే పోతుంది.

సింగరేణిలో షిఫ్టు డ్యూటీ. వారం పొద్దున, వారం రాత్రి. నాకు అలవాటు ఎట్ల పడ్తది?

గడియారానికి కట్టకండి, సంఘటనకు కట్టండి. 'ఆరింటికి నడక' అంటే మీకు నెలలో ఒకటి రెండు వారాలే కుదురుతుంది. 'డ్యూటీ దిగి, స్నానం చేసి, తినకముందు పదిహేను నిమిషాలు' అంటే ఏ షిఫ్టులోనైనా ఉంటుంది. రాత్రి షిఫ్టు వారంలో సగానికి తగ్గించుకోండి. ఆ వారం నిద్రే మీ ముఖ్యమైన అలవాటు. మీకు పగటి డ్యూటీ వాళ్లకంటే ఎక్కువ నెలలు పట్టొచ్చు. అది మీ లోపం కాదు.

ఇంటి పని, పిల్లలు, అత్తమామలు. నాకంటూ పది నిమిషాలు దొరకదు

ఈ ప్రశ్నకు 'పొద్దున ఇంకో అరగంట ముందు లేవండి' అని చెప్పేవాళ్ల మీద నాకు కోపం. ఇప్పటికే అందరికంటే ముందు లేచి అందరికంటే వెనక పడుకునే మనిషికి అది సలహానా?

ఇది అలవాటు సమస్య కాదు, పని పంపకం సమస్య. ఒక్క పని, ఒకే ఒక్కటి, ఇంట్లో ఇంకొకరి చేతికి పోవాలి. రాత్రి భోజనాలయ్యాక వంటగది సర్దడం మీ ఆయన చేతికి, లేదా పెద్ద పిల్లల చేతికి. మొదటి వారం గిన్నెలు సరిగా తోమరు, స్టవ్వు కింద జిడ్డు అట్లాగే ఉంటుంది. వెళ్లి సర్దకండి. ఆ పదిహేను నిమిషాలు గది తలుపు దగ్గరేసుకుని మీరు అనుకున్నది చేయండి. అది మిగతావాళ్లకు కూడా అలవాటు కావాలి కదా, దానికీ అన్నే నెలలు పడతాయి.

టిక్కులు పెట్టుకోవాల్నా? ఏదన్నా యాప్ చెప్పండి

కిరాణా షాపు వాళ్లు ఇచ్చే గోడ క్యాలెండర్ చాలు. తిథి పక్కన పెన్నుతో ఒక గీత. యాప్ తెరిస్తే పక్కనే వాట్సాప్ ఉంటుంది. మూడు నెలల తర్వాత టిక్కులు పెట్టడం మర్చిపోతే సంతోషించండి.

గ్రూప్స్‌కు చదువుతున్న. రోజూ చదువుతున్నా వెనకటిది గుర్తుండట్లేదు

రోజూ కొత్త పేజీ చదవడం మీ అలవాటు అయింది, పాత పేజీని గుర్తు తెచ్చుకోవడం కాలేదు. మరపు ఎట్లా వస్తుందో హెర్మన్ ఎబింగ్‌హాస్ అనే జర్మన్ తన మీదే ప్రయోగాలు చేసుకుని 1885లో ప్రచురించాడు. చదివిన మొదటి గంటల్లో, మొదటి రోజులో ఎక్కువ పోతుంది, తర్వాత పోవడం నెమ్మదిస్తుంది. అంటే రేపటి మొదటి పది నిమిషాలు ఇవాళ చదివినదానికి ఇవ్వాలి.

చదివినదాన్ని మళ్లీ చదవడం కాదు. పుస్తకం మూసి తెల్ల కాగితం తీసుకోండి. రామప్ప అనుకోండి: 1213, గణపతిదేవుడి కాలం, కట్టించింది రేచర్ల రుద్రుడు, నీళ్లలో తేలే ఇటుకలు, యునెస్కో గుర్తింపు 2021. ఎన్ని వచ్చాయో రాసి, అప్పుడు పుస్తకం తెరిచి ఎర్ర పెన్నుతో దిద్దుకోండి. చూసి చదువుతుంటే అంతా వచ్చినట్టే ఉంటుంది, మూసి రాస్తే ఎంత వచ్చిందో తెలుస్తుంది. మొదటి వారం బాధేస్తుంది.

పోస్టులు కొన్ని, రాసేవాళ్లు లక్షలు. మంచి అలవాటు మీ తయారీని బాగుచేస్తుంది, పోస్టుల సంఖ్యను పెంచలేదు. చేతిలో ఇంకో దారి కూడా పెట్టుకునే చదవండి.

రోజుకు ఎంత నడవాలి? ఎండలు మొదలైతే బంద్ అయిపోతది

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాలు చెబుతుంది, కాస్త ఆయాసం వచ్చే నడక. ఒకేసారి కనీసం పది నిమిషాలైనా నడవాలన్న షరతు 2020 మార్గదర్శకాల్లో తీసేశారు, ఐదేసి నిమిషాలూ లెక్కే. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఎండ పొద్దున్నే మొదలవుతుంది. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో ఫిబ్రవరిలో ఉన్నవాళ్లలో చాలామంది మేలో కనిపించరు. ఎండాకాలం రూటు వేరే ఉండాలి: పొద్దెక్కకముందు చిన్న చుట్టు, లేదా రాత్రి తిన్నాక డాబా మీద. రూటు మారినా, నడక రోజూ దేని తర్వాత వస్తుందో అది మారకపోతే అలవాటు నిలుస్తుంది.

## తెగిపోయినప్పుడు

నాలుగు రోజులు పోయినయి. మళ్ల మొదటి నుంచా?

కాదు. ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు పడే తీరులో చెప్పుకోదగ్గ తేడా రాలేదని లండన్‌లో 96 మంది మీద జరిగిన అధ్యయనంలోనే తేలింది. తెగడం కాదు ప్రమాదం, తెగాక ఇంట్లో కూర్చుని మనల్ని మనం తిట్టుకునే రోజులు ప్రమాదం.

నా సంగతి చెబుతాను. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు పోయాం. ఇంటిల్లిపాదీ, ఎత్తు బంగారంతో (మొక్కు బెల్లంతో) సహా. నాలుగు రోజులు అక్కడ, వచ్చాక దుమ్ముకు దగ్గు, జ్వరం, ఆ వెంటనే దగ్గరి వాళ్ల పెళ్లి. చూస్తుండగానే మూడు వారాలు. అంతకుముందు రెండేళ్లు దాదాపు రోజూ నడిచినవాణ్ని, ఇంక బూట్ల వైపు చూడాలంటే ముఖం చెల్లలేదు. 'సోమవారం నుంచి ఐదు కిలోమీటర్లు నడిచి అంతా సరిచేస్తాను' అనుకున్నాను. రెండు సోమవారాలు పోయాయి.

చివరికి ఒక గురువారం, చాయ్ పత్తా అయిపోయిందని మా ఆవిడ షాపుకు పంపితే, చెప్పులకు బదులు బూట్లు వేసుకున్నాను. షాపు దాకా పోయి వచ్చాను, అంతే. మర్నాడు ఇంకో గల్లీ. మళ్లీ పాత చుట్టు నడవడానికి పదకొండు రోజులు పట్టింది. పోయిన రోజుల బాకీ తీర్చాలని చూడకండి, ఎవరూ వడ్డీ అడగరు. తిరిగొచ్చే మొదటి రోజు కొలత, అసలు మొదలుపెట్టిన రోజు కంటే కూడా చిన్నగా ఉండాలి.

ఇంట్లో వాళ్లు నవ్వుతున్నరు. "ఎన్ని రోజులో చూద్దాం" అంటున్నరు

అననివ్వండి. మీరు ఇంతకుముందు నాలుగు సార్లు మొదలుపెట్టి ఆపి ఉంటారు, వాళ్ల అనుమానంలో తప్పేం లేదు. ఈసారి చెప్పకుండా చేయండి. స్టేటస్ పెట్టకండి.

రెండు నెలలైంది. ఏం తేడా కనబడతలేదు

రెండు కారణాలుండొచ్చు. ఒకటి, మీరు తప్పు చోట చూస్తున్నారు. బరువు కాటా ఊగుతూనే ఉంటుంది, మెట్లెక్కితే ఆయాసం తగ్గిందా అన్నది ముందు తెలుస్తుంది. మార్కులు ఆలస్యంగా కదులుతాయి, ఒక పేజీకి పట్టే టైమ్ ముందు తగ్గుతుంది.

రెండోది ఎవరూ చెప్పరు: మీరు ఎంచుకున్న అలవాటుకు మీరు కోరే ఫలితానికి సంబంధం లేకపోవచ్చు. మా బంధువు ఒకాయన పొద్దున్నే వేడి నీళ్లలో నిమ్మరసం ఏడాదిగా తప్పకుండా తాగుతున్నాడు, పొట్ట తగ్గాలని. ఆ వెంటనే నాలుగు పూరీలు. అలవాటు గొప్పగా పడింది, పొట్టకు దాంతో పనేంటి? రెండు నెలలకోసారి ఈ ప్రశ్న వేసుకుని, సంబంధం లేదనిపిస్తే మార్చేయండి.

ఏ పనీ చేయబుద్ధి కావట్లేదు. అలవాట్లు పెట్టుకుంటే ఈ టెన్షన్ పోతదా?

నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, దేని మీదా మనసు లేకపోవడం రెండు వారాలు దాటితే దాన్ని బద్ధకం అనకండి, అలవాట్లతో సరిచేయాలని చూడకండి. డాక్టర్‌కు చూపించండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు. మందు, గుట్కా మానడం కూడా చాలామందికి వైద్య సాయంతోనే కుదురుతుంది. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు.

## ఏళ్లు గడిచాక

అలవాటు పడ్డదని ఎట్ల తెలుస్తది?

చేయాలా వద్దా అని మీలో మీరు వాదించుకోవడం ఆగిపోతుంది. చేయని రోజు ఏదో మర్చిపోయి ఇంట్లోంచి బయటికి వచ్చినట్టు ఉంటుంది. దాని గురించి ఎవరికీ చెప్పాలనిపించదు కూడా.

రోజూ చేస్తున్న గానీ పోయినేడు ఎక్కడున్ననో ఈ ఏడూ అక్కడే ఉన్న

అలవాటు అయ్యిందంటేనే ఆలోచించకుండా చేస్తున్నారని అర్థం. ఆలోచించకుండా చేసే పని నిలబెడుతుంది, పైకి తీసుకుపోదు. నైపుణ్యం మీద పనిచేసిన ఆండర్స్ ఎరిక్సన్ బృందం 1993లో చెప్పింది ఇదే: ఎన్నేళ్లు చేశామన్నది కాదు, రానిదాన్ని పట్టుకుని, తప్పులు చూసుకుంటూ ఎంతసేపు చేశామన్నది ముఖ్యం.

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఒక పెద్దాయన మగ్గం దగ్గర కూర్చుని ఇది కళ్లారా చూశాను. పాత డిజైన్ నేసేటప్పుడు పక్కన ఫోన్లో పాటలు మోగుతుంటాయి, మాట్లాడుతూ నేస్తాడు. కొత్త డిజైన్ మొదలుపెట్టిన రోజు పాటలు బంద్. వరస నేయడం, ఆగడం, కాగితం మీది గళ్లు వేలితో లెక్కపెట్టడం, తప్పితే విప్పడం. ఆ రోజు నేత సగం కూడా సాగదు. వారంలో ఒకటి రెండు రోజులు మీకూ పాటలు ఆపేసే పని ఉండాలి. మిగతా రోజులు మామూలుగా నడవనివ్వండి, రోజూ కొత్త డిజైన్ అంటే ఎవరి వల్లా కాదు.

నాకు 58. రిటైరయ్యాక ఏం మారతాం?

మారతారు, అయితే ముందు ఒక దెబ్బ తగులుతుంది. మా పక్కింటాయన కాజీపేటలో రైల్వేలో చేసి రిటైరయ్యాడు. ముప్ఫై ఐదేళ్లు టంచనుగా లేచిన మనిషి, రెండు నెలల్లో తొమ్మిదింటిదాకా మంచం దిగడం లేదు. ఆయన క్రమశిక్షణ ఎక్కడికీ పోలేదు. దాన్ని మోసిన కొక్కేలు పోయాయి: డ్యూటీ టైమ్, క్యారేజీ, స్కూటర్, తోటివాళ్లు. ఇప్పుడు పేపర్ బాయ్ గేటు దగ్గర పేపర్ పడేసిన చప్పుడు ఆయన కొత్త కొక్కెం. పేపర్ తీయడానికి బయటికి వచ్చి, అట్లాగే ఒక చుట్టు నడిచి, వచ్చాకే చదువుతాడు. రిటైర్మెంట్‌కు ఏడాది ఉండగానే ఆఫీసుతో సంబంధం లేని ఒక్క అలవాటు పెట్టుకోండి.

రోజుకు 50 రూపాయలు దాస్తే ఏమన్నా అయితదా?

ఏడాదికి 18,250. నెలకు 1,500 చొప్పున పోస్టాఫీసు ఆర్‌డీలో వేస్తే 5 ఏళ్లకు అసలే 90,000, పైన వడ్డీ. కోటీశ్వరులు కారు. ఆస్పత్రి ఖర్చు వచ్చినప్పుడు చేబదులు అడగాల్సిన అవసరం కొంత తగ్గుతుంది. నూటికి మూడు రూపాయల వడ్డీ అప్పు నెత్తిన ఉంటే మాత్రం దాచకండి, ముందు అది కట్టండి.

పిల్లలకు ఎట్ల నేర్పాలి?

మీరు చేతిలో ఫోన్ పట్టుకుని "చదువుకో" అంటే వాడు ఫోన్ పట్టుకోవడమే నేర్చుకుంటాడు. రాత్రి ఒక అరగంట మీరూ ఏదో ఒకటి చదవండి, కరెంటు బిల్లు అయినా సరే.

ఏళ్లుగా చేస్తున్నదాన్ని ఆపేయాలనిపిస్తోంది. తప్పా?

కాదు. అలవాటు మొక్కు కాదు. ఏ పని కోసం పెట్టుకున్నారో ఆ పని అయిపోయి ఉంటే ఆపొచ్చు. ఒక్కటే జాగ్రత్త: ఆ వేళ ఖాళీగా వదిలితే ఫోన్ వచ్చి కూర్చుంటుంది, అందుకని దాని చోట ఏం పెడతారో అనుకుని ఆపండి.

నేను తొమ్మిదేళ్లు రోజూ రాత్రి ఒక పేజీ డైరీ రాశాను. మొదట్లో పనికొచ్చింది, హాలు నడపడంలో చేసిన తప్పులు అందులోనే తెలిశాయి. పోయిన ఏడాది తిరగేసి చూస్తే ఆర్నెల్లుగా ఒకే పేజీ రాస్తున్నట్టుంది: ఎండ, కరెంటు, ఫీజు బాకీలు. ఆపేశాను. తొమ్మిదిన్నరకు అదే కుర్చీలో కూర్చుని ఊళ్లో అమ్మకు ఫోన్ చేస్తున్నాను. ఇప్పుడు ఒక్క నిమిషం ఆలస్యమైనా తనే చేస్తుంది. హలో కూడా ఉండదు, "తిన్నవా?" అంటుంది.